గోడ దాటడానికి ఎంతసేపు

నేను ఏం చదువుతున్నానో మా వాడకట్టులో ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక నాకూ లేదు. హైదరాబాదులో భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నానంటే, డాక్టరు చదువా అని అడిగేవాళ్లు. కాదంటే ముఖం అటు తిప్పుకునేవాళ్లు. ఒకసారి పక్కింటి పెద్దమ్మ మరీ పట్టుబట్టేసరికి విసుగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. గోడకు ఇవతల ఒక కణం ఉంటుంది. గోడ ఎక్కి దాటేంత బలం దానికి లేదు. అయినా ఒక్కోసారి అవతల తేలుతుంది. మధ్యలో ఎంతసేపు ఉందో లెక్క కట్టడమే నా పని అన్నాను. ఆమె ఒళ్లోని బీడీల చాట దించకుండానే నన్ను ఎగాదిగా చూసింది.

"గోడలు దుంకేటోళ్ల సంగతి పోలీసోళ్లు చూసుకుంటరు గాని, గా పని నీకెందుకు బిడ్డా" అంది.

ఆ తర్వాత మా ఊరు ఆర్మూరులో చాలాకాలం నేను గోడ దుంకుడు చదివే పిల్లనే. చిన్నబాపు కూడా, అంటే మా నాన్న తమ్ముడు, నేను బస్సు దిగగానే "ఏమైంది, దుంకిందా లేదా" అని పలకరించేవాడు. నాకు ఒళ్లు మండేది. బాపు మాత్రం నవ్వేవాడు, నవ్వు మధ్యలో దగ్గు వచ్చేది.

బాపు, అంటే మా నాన్న, పసుపు యార్డులో హమాలీ. వయసంతా బస్తాలు మోశాడు. ఆ దుమ్ము ఛాతీలో ఇల్లు కట్టుకుంది. అమ్మ అదే యార్డులో పసుపు ఏరేది, కొమ్ములు ఒక కుప్పకి, గుండ్రటి దుంపలు ఒక కుప్పకి. అన్న దుబాయ్‌లో కట్టడాల పని చేసేవాడు. వాడి పాస్‌పోర్టు కంపెనీవాళ్ల దగ్గర ఉండిపోయింది. కంపెనీ మూతపడేలా ఉంది, ఇవ్వమంటే రేపు మాపు అంటున్నారు. రావాలనుకున్నా వాడు రాలేని పరిస్థితి అప్పుడు.

శుక్రవారం వాడికి సెలవు. పొద్దున పదింటి ప్రాంతంలో ఫోన్ కార్డు నంబరు కొట్టి ఫోన్ చేసేవాడు. ఆ కాలపు ఫోన్లు గుర్తుంటే తెలుస్తుంది, మనం ఒక మాట అన్నాక అది అటు చేరి, జవాబు ఇటు రావడానికి మధ్య ఒక గుటక మింగేంత ఖాళీ. ఇద్దరం ఒకేసారి మాట్లాడేవాళ్లం, ఇద్దరం ఒకేసారి ఆగేవాళ్లం. అమ్మకు ఫోన్ ఒక చెవి దగ్గర నిలవదు. ఈ చెవి నుంచి ఆ చెవికి మారుస్తూనే ఉంటుంది. రెండు చేతులా మోచేతి దాకా మట్టిగాజులు.

"అమ్మా, జర నీ గాజులు పక్కకు వెట్టి మాట్లాడు. నా చెవుల గల్లుగల్లుమంటున్నయ్" అని ఏడిపించేవాడు అన్న.

"నా గాజులు నాయిష్టం, నీకేమైంది" అనేది అమ్మ.

బాపు ఫోన్ పట్టుకునేవాడే కాదు. వాకిట్లో మంచం మీద నుంచే, "పైసలు గాలికి పోతున్నయ్, జల్ది పెట్టుమను వాణ్ని" అని అరిచేవాడు. అటు నుంచి అన్న నవ్వేవాడు. బాపుతో వాడి మాటలు అంతే. అంతకంటే ఇద్దరికీ అక్కర్లేదు.

పసుపు కొత్తగా యార్డుకు వస్తున్న రోజుల్లో బాపు పోయాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. నేను హైదరాబాదు నుంచి వచ్చి పడేసరికి వాకిలి నిండా జనం. అంత ఏడుపులోనూ చిన్నబాపు నన్నూ అమ్మనూ వంటింట్లోకి పిలిచాడు.

"పోరనికి ఎవ్వలు చెప్పద్దు" అన్నాడు. "వాడు రానీకి లేదు. గా రూముల ఒక్కడే కూసోని ఏం జేసుకుంటడో. వచ్చినంక చెప్దాం."

ఇది మా దగ్గర కొత్త సంగతి కాదు. ఇంట్లో చావు జరిగితే, గల్ఫ్‌లో ఉన్నవాడు రాలేని స్థితిలో ఉంటే, వాడికి చెప్పరు. వచ్చాక, కాళ్లు కడుక్కున్నాక, ఇంత తిన్నాక, పెద్దవాళ్లెవరో పక్కన కూర్చోబెట్టుకుని చెప్తారు. దాన్ని అబద్ధమని ఎవరూ అనుకోరు. వేల్పూర్ దిక్కు ఒక పిల్లగాడు తల్లి పోయిందని ఫోన్‌లో విని అక్కడే ఏదో చేసుకున్నాడని అందరూ చెప్పుకునేవాళ్లు. నిజమో కాదో తెలియదు. అమ్మ మాత్రం ఆ పిల్లగాడి మాట ఎత్తగానే నా చెయ్యి పట్టుకుంది.

"మొగడు పోయిండు. కొడుకును గూడ పోగొట్టుకోలేను బిడ్డా" అంది నాతో.

ఆ మాట తర్వాత నేను వాదించలేదు. వాదించాలని మాత్రం ఉండింది. కొడుకు చేయాల్సిన పని చిన్నబాపు చేశాడు. పదో రోజు వాడకట్టు ఆడవాళ్లు అమ్మను కూర్చోబెట్టి గాజులు పగలగొట్టారు, బొట్టు తుడిచారు. నేను అక్కడ ఉండలేక గుట్ట దిక్కు నడిచిపోయాను.

మొదటి శుక్రవారం ఇల్లంతా చుట్టాలు, ఏడుపులు. ఫోన్ తీగ పీకి పక్కన పెట్టాం. రెండో శుక్రవారం మళ్లీ తగిలించాం. సరిగ్గా టైముకు మోగింది. ముందు అమ్మకిచ్చాను. "మంచిగున్న బిడ్డా, తిన్నవా" అని రెండు మాటలని కొంగు నోట్లో కుక్కుకుంది. ఫోన్ నేను లాక్కున్నాను.

"పోయిన వారం ఫోన్ ఎందుకు కలువలేదు?" అన్నాడు అన్న.

"లైన్ ఖరాబైంది."

ఖాళీ. ఆ ఖాళీ అలవాటైనదే. కొంచెం ఎక్కువ అనిపించింది, కానీ ఆ కార్డు ఫోన్లలో ఏది లైను ఆలస్యమో, ఏది మనిషి ఆలస్యమో ఎవరు చెప్పగలరు.

"బాపు ఏడి?"

"మార్కెట్‌కు పోయిండు. సీజన్ గద."

మళ్లీ ఖాళీ. "మంచిది. జర దుమ్ముల ఎక్కువ తిరగద్దను" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక నేను గోడకు ఆనుకుని అక్కడే చతికిలబడ్డాను. నేను తడబడ్డా ఆ తడబాటును లైను మింగేస్తుందని అనుకున్నాను. పెద్ద తెలివైనదాన్ని మరి.

అప్పటి నుంచి నేను గురువారం సాయంత్రం బస్సెక్కడం మొదలుపెట్టాను. ఒక్కతే ఉంటే ఫోన్‌లో అబద్ధం చెప్పడం అమ్మ వల్ల కాదు. మా గైడుకు నా మీద అసంతృప్తిగా ఉండేది. ఆయన మంచివాడే, కానీ నా వారం ఎందుకు బుధవారంతోనే అయిపోతోందో ఆయనకు చెప్పలేదు. చెప్తే ఏడుస్తానని భయం. ఆయన ముందు ఏడవడం నాకిష్టం లేదు.

పని కూడా ముందుకు కదల్లేదు. గోడలో కణం ఎంతసేపు ఉందని అడగడం తేలిక, అడిగే పద్ధతి దొరకదు. గోడ లోపల దాని వేగం ఎంత అని లెక్క వేస్తే మామూలు అంకె రాదు, వేగంగా చెప్పుకోవడానికి వీల్లేని అంకె వస్తుంది. అందుకని కణానికే ఒక గడియారం కట్టాలని పెద్దవాళ్లు ఎప్పుడో ఆలోచించారు. చాలా కణాల్లో సన్నటి అయస్కాంతపు ముల్లులాంటిది ఒకటి ఉంటుంది. గోడ ఉన్నంత మేరకే అయస్కాంత క్షేత్రం పెడితే, కణం గోడలో ఉన్నంతసేపే ఆ ముల్లు తిరుగుతుంది. బయటికొచ్చాక ఎంత తిరిగిందో చూడాలి. క్షేత్రం గట్టిగా పెడితే ముల్లు బాగా కనబడుతుంది, కానీ కణం నడకే మారిపోతుంది. మెత్తగా పెడితే కణం చెదరదు, కానీ ముల్లు కదిలిందో లేదో కళ్లు చించుకున్నా తెలియదు. నా కాగితాలన్నీ ఆ మెత్తని క్షేత్రం లెక్కలే.

ఇంకో పద్ధతి ఉంది. కణాన్ని ఒక అలల గుంపుగా చూసి, గుంపు నడిమి భాగం గోడను ఎప్పుడు తాకింది, అటువైపు ఎప్పుడు తేలింది అని చూడటం. అందులో ఇంకో తిరకాసు. మార్కెట్ గేటు ముందు పసుపు బండ్లు వరసకడతాయి. ముందొచ్చిన నాలుగు బండ్లనే లోపలికి వదిలి గేటు వేశారనుకోండి. లోపలున్న బండ్లు సగటున పొద్దున్నే వచ్చినట్టు, బయటి వరస మొత్తం సగటున మధ్యాహ్నం వచ్చినట్టు తేలుతుంది. రెండూ పక్కన పెట్టి చూస్తే బండ్లు గేటు దగ్గరికి రాకముందే లోపలికి పోయినట్టు లెక్క వస్తుంది. బండి ఏదీ ఎగరలేదు, మనం చూసిన చోటే తప్పు. ఎక్కడ మొదలు పెట్టామో, ఎక్కడ ఆపామో, దాన్ని బట్టే జవాబు మారుతుంది.

అన్నతో ప్రతి శుక్రవారం ఆ అబద్ధం నడుస్తూనే ఉంది. వాడు ప్రతిసారీ చివర్లో, మరిచిపోకుండా, "బాపు మంచిగున్నడా?" అని అడిగేవాడు. మంచిగున్నడు అనేదాన్ని. మార్కెట్, చేను, చుట్టాలింట్ల పెండ్లి, ఏదో ఒకటి. సీజన్ అయిపోయాక బాపును ఎక్కడికి పంపాలో తెలియక ఒకసారి "పండుకున్నడు" అన్నాను. అన్న, "లేపకు" అన్నాడు.

అమ్మ తిరిగి యార్డుకు పోయింది. పోకుంటే గడవదు. అక్కడే ఆమెకు ఇంకో బాధ. మా దగ్గర మొగుడు పోయిన ఆడది ముఖానికి పసుపు పెట్టుకోదు, కాళ్లకు రాసుకోదు. కానీ పొద్దస్తమానం పసుపు ఏరే మనిషి చేతులు ఏమవుతాయి? గోళ్ల సందులు, గీతలు, మణికట్లు అన్నీ పచ్చగా ఉండేవి. ఒక పేరంటానికి పిలవకపోగా, దారిలో కలిసిన ఒకామె ఆ చేతుల వైపు చూసి చూపు తిప్పుకుంది.

"కడిగితె పోతలేదు. నేనేం జెయ్యాలె" అంది అమ్మ ఇంటికొచ్చి. బట్టల సబ్బు వేసి రుద్దుకుంటే ఆ పచ్చ కాస్తా ఎర్రగా తిరిగింది. నాకు ఆ వాడకట్టు మొత్తాన్ని పట్టుకుని తిట్టాలనిపించింది. కొందరిని తిట్టాను కూడా.

మధ్యలో మాక్లూర్ మనిషి ఒకాయన సెలవు మీద వస్తూ అన్న పంపిన సంచి తెచ్చిచ్చాడు. సబ్బులు, అత్తరు సీసా, ఒక ఫొటో. ఇసుక రంగు గోడ ముందు అన్న నిలబడి ఉన్నాడు, గుండుతో. వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి.

"నెత్తి ఏంది గిట్ల గొరిగిచ్చుకున్నడు?" అంది అమ్మ.

"గక్కడి నీళ్లకు ఎంటికెలు ఊడిపోతయ్ వదినా. అందరు గట్లనే గీకిచ్చుకుంటరు" అన్నాడు చిన్నబాపు. గల్ఫ్ నీళ్ల సంగతి మా ఊళ్లో అందరికీ తెలుసు, వచ్చినవాళ్లంతా సగం బట్టతలతోనే దిగుతారు. సరేలే అనుకున్నాం. ఫొటో టీవీ మీద పెట్టాం.

ఆ రోజుల్లోనే ఐరోపాలోని ఒక ప్రయోగశాల నుంచి వ్యాసం వచ్చింది. మా గైడు దాన్ని అచ్చు తీసి నా బల్ల మీద పెట్టాడు. హీలియం పరమాణువు మీదికి బలమైన లేజర్ వదిలారు. ఆ కాంతిలోని లాగుడు ఒక దిక్కున ఉండదు, గడియారం ముల్లులాగా గుండ్రంగా తిరుగుతుంది. ఎలక్ట్రాను గోడ దాటి ఎప్పుడు బయటపడిందో, ఆ క్షణాన లాగుడు ఎటు ఉందో, దాన్ని బట్టి అది ఎగిరిపడే దిక్కు మారుతుంది. దిక్కు చూసి సమయం చెప్పొచ్చు. వాళ్లు కొలిచి చెప్పిందేమిటంటే, గోడ దాటడానికి పట్టిన సమయం అంటూ తమకేమీ కనబడలేదని. తమ కొలత పట్టగలిగినంతలో, సున్నా.

నాకు కోపం వచ్చింది. నవ్వొచ్చే సంగతే, ఎలక్ట్రాను మీద కోపమేంటి? కానీ వచ్చింది. గోడ అన్నాక ఎంతో కొంత పట్టాలి కదా. ఇన్ని నెలల నా లెక్కల్లో ఎంతో కొంత వస్తూనే ఉంది. "వాళ్లు ఎక్కడ మొదలు పెట్టారో సరిగ్గా చూడాలి సార్" అన్నాను. "నువ్వూ చూసుకో" అన్నాడాయన. ఆ గొడవ ఆ రోజుతో తేలలేదు. తర్వాతి ఏళ్లలో బాగా చల్లబరిచిన పరమాణువులకు ఆ ముల్లు గడియారమే కట్టి, సున్నా కాదు, కొంత సమయం పడుతుందని ఇంకొకరు చూపించారు. ఏ సమయాన్ని కొలిచామన్న తగువు ఇప్పటికీ ఉంది.

మళ్లీ పసుపు సీజన్ వచ్చేసరికి కంపెనీవాళ్లు అన్న పాస్‌పోర్టు చేతికిచ్చారు. వాడు వస్తున్నాడు. సంతోషించాల్సిన ఇంట్లో అందరికీ జ్వరం వచ్చినట్టయింది. విమానాశ్రయానికి నేనే పోవాలి, వాణ్ని బస్సులో తీసుకురావాలి. చిన్నబాపు ఫోన్‌లో పదిసార్లు చెప్పాడు.

"తొవ్వల చెప్పకు. బస్సుల ఏమన్న అయితె నువ్వొక్కదానివి ఏం జేస్తవ్? ఇంటికొచ్చి ఇంత తిననీ. నేను చెప్త."

అన్న చిక్కిపోయి వచ్చాడు. జుట్టు బాగానే ఉంది. నన్ను చూసి నవ్వాడు, భుజం మీద తట్టాడు. బస్సులో కిటికీ పక్క కూర్చున్నాడు. ఎప్పుడు అడుగుతాడోనని నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను. కామారెడ్డి దాటాక అడిగాడు, ఎప్పటిలాగే.

"బాపు మంచిగున్నడా?"

"మంచిగున్నడు."

పక్కపక్కన కూర్చున్నాం. మధ్యలో ఏ లైనూ లేదు, ఏ ఆలస్యమూ లేదు. నా గొంతు నాకే వినబడింది. వాడు తల ఊపి కిటికీలోంచి బయటికి చూశాడు. కాసేపయ్యాక, "నీ గోడ దుంకుడు ఏడిదాంక వచ్చింది?" అన్నాడు.

చెప్పాను. బాపు మాట రాకుండా ఉంటుందని అవసరమైనదానికంటే ఎక్కువ చెప్పాను, ఐరోపా వాళ్ల సున్నా గురించి, నా కోపం గురించి. వాడు ఓపిగ్గా విన్నాడు. జక్రాన్‌పల్లి దాటాక పచ్చి పసుపు ఉడికించే వాసన కిటికీలోంచి కొట్టింది. వాడు కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. రెప్పల కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. ఊరి వాసనకు కాబోలు అనుకున్నాను.

మా సందు మలుపు తిరగగానే నా అడుగు ఆగిపోయింది. అమ్మ గడప ముందు చెంబుతో నిలబడి ఉంది. నుదుట రూపాయంత బొట్టు. రెండు చేతులా మోచేతి దాకా ఎర్రటి మట్టిగాజులు. నాకు ఒక్క మాట చెప్పలేదు. పక్కింటి పెద్దమ్మ తన గుమ్మంలో చాట పట్టుకుని కొయ్యబారి ఉంది. ఎదురింటివాళ్లు బయటికొచ్చి చూస్తున్నారు. మా దగ్గర ఏ ఆడదీ ఈ పని చేయదు, చేస్తే ఊరు ఊరుకోదు. ఆ సంగతి నాకంటే అమ్మకే బాగా తెలుసు. కొడుకు గడప మీదే కూలిపోతాడేమోనన్న భయం ముందు ఆమెకు ఇంకేదీ కనబడలేదు. ఇంత అన్నం తినేదాకా చాలు, ఆ కాసేపు చాలు అనుకుంది.

"కాళ్లు కడుక్కో బిడ్డా" అని చెంబు చాపింది. గాజులు గల్లుమన్నాయి.

అన్న బ్యాగు కింద పెట్టాడు. చెంబు అందుకోలేదు. అమ్మ మణికట్టు పట్టుకుని, ఆ గాజుల వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఎందుకేసుకున్నవే అమ్మా గివి" అన్నాడు. "నాకు తెల్సు."

చిన్నబాపు లోపల్నుంచి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

"ఎవ్వలు చెప్పిండ్రు నీకు?" అన్నాను నేను. నా గొంతులో కోపమే వినబడింది.

"ఎవ్వలు చెప్పలే. లైన్ ఖరాబైందన్నవ్ గద, గా శుక్కురారమే. అమ్మ మాట్లాడింది, గాజుల సప్పుడు రాలె." నెత్తి తడుముకున్నాడు. "అటెన్క మంగలాయన దగ్గరికి పోయిన."

టీవీ మీది ఫొటో నాకు అప్పుడు కనబడింది. ఇన్ని నెలలు దాని ముందే కూర్చుని అన్నం తిన్నాం.

బాపు పోయిన సంగతికి గోడ దాటడానికి ఏమాత్రం సమయం పట్టలేదు. మేం చెప్పే రోజును గుర్తుగా పెట్టుకుని, అదింకా దాటలేదనుకుంటూ కాపలా కాశాం. వాడు అటువైపు ఆ ఇసుక రంగు గోడల మధ్య, భుజం మీద చెయ్యి వేసేవాడు లేకుండా, ఒక్కడే దినం చేసుకున్నాడు. నాకు ఆ ఐరోపా వ్యాసం చించి పొయ్యిలో పెట్టాలనిపించింది. ఏడుపు ఆగలేదు.

అమ్మ అప్పుడు అడిగింది. "మరి వారం వారం బాపు ఎట్లున్నడని ఎందుకడిగినవ్‌రా?"

"అడుగుడు బంద్ జేస్తే నాకు తెల్సిందని నీకు తెలుస్తది గద" అన్నాడు. "ఈడ నువ్వొక్కదానివి. తట్టుకోవనుకున్న."

అమ్మ చెంబు కింద పెట్టేసింది. ఎదురింటివాళ్లు చూస్తున్నారని అప్పుడే గుర్తొచ్చినట్టు, గబగబా గాజులు కిందికి లాగడం మొదలుపెట్టింది. పచ్చబారిన వేళ్ల దగ్గర ఒక గాజు పగిలి చర్మం గీసుకుంది. అన్న ఆ చేతిని మళ్లీ పట్టుకున్నాడు.

"ఉండనియ్ అమ్మా. ఏడాది సంది గీ సప్పుడు లేక సచ్చిన. జర ఉండనియ్" అన్నాడు.

చిన్నబాపు ఏదో అనబోయి, వాడి ముఖం చూసి, బ్యాగు ఎత్తుకుని లోపలికి పోయాడు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని వంటింట్లోకి నడిచింది. వాకిట్లో బాపు మంచం ఎప్పటి చోటే ఉంది. అన్న దాని మీద కూర్చున్నాడు. లోపల అమ్మ గిన్నెలు దించుతోంది, గాజులు చప్పుడు చేస్తున్నాయి. వాడు తల వంచుకుని అది వింటున్నాడు.